నాయన తోలే బండి వేగం

తిరుపతి,
12 జులై 1999

మా బంగారు కోమలక్కకు,

నీ తమ్ముడు ముని రాసేది. అందరం బాగున్నాం అని రాస్తే నువ్వెలాగూ నమ్మవు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైనా నాయన కుడిచెయ్యి ఇంకా పూర్తిగా దారికి రాలేదు. అన్నం ఎడమచేత్తోనే తింటున్నాడు. కానీ నా పాత కంప్యూటర్లో కొండదారిన కారు తోలే ఆట ఒకటుంది చూడు, దాని ముందు కూర్చుంటే మాత్రం మనిషే మారిపోతాడు. కుడిచేతి వేళ్లు కదిలిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడని నేనే నేర్పించాను. మొదట్లో రెండో మలుపుకే లోయలో పడేవాడు. ఇప్పుడు ఒక్క గీత పడకుండా పైదాకా పోతున్నాడు. పంతొమ్మిదేళ్లు తిరుమల ఘాట్‌లో బస్సు తోలిన మనిషి కదా! ఆడేముందు కొండవైపు తిరిగి దండం పెట్టి, కీబోర్డుకు కుంకుమ బొట్టు పెడతాడు. నేను రోజూ తుడుచుకోలేక చస్తున్నాను.

డిపో వాళ్లిచ్చిన కాయితం, ఇక డ్యూటీకి పనికిరాననేది, సంతకం పెట్టకుండా దిండు కింద దాచుకున్నాడు. సెప్టెంబరులో చిత్తూరులో మెడికల్ బోర్డు ముందుకు పోయి, మళ్లీ స్టీరింగు పట్టుకుంటానని పట్టుదల.

ఇక నా గోల. ఈ కంప్యూటరు మరీ పాతది. కొత్త ఆటలేవీ దీనిమీద కదలవు. ప్రాసెసరు మార్చాలి, దాంతోపాటు దాన్ని బిగించే బోర్డూ మార్చాలి. షాపాయన వెంకటేశ్వర్లు సెలెరాన్ చాలంటాడు. నేను నేర్చుకునే కంప్యూటర్ సెంటర్లో జయరావు సార్ పెంటియం టూ తప్ప ఇంకోటి ముట్టొద్దంటాడు. పత్రిక చూస్తే మూడో పేరేదో రాసి ఉంది. పది రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను. మారిస్తే నాయన ఆట ఇంకా బాగా నడుస్తుందని అమ్మతో చెప్పాను. నువ్వూ ఒక ముక్క రాయి, నీ మాటయితే ఇద్దరూ వింటారు.

నీ తమ్ముడు
మునికుమార్

తిరుపతి,
20 ఆగస్టు 1999

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజే పెంటియం టూ బిగించాను. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్రలేదు.

నాయన స్నానం చేసి, బొట్టు పెట్టి కూర్చున్నాడు. ఆట మొదలైందో లేదో కారు లోయలో ఉంది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ లోయే. పదిసార్లు అంతే. ఆయన వేలు కదిలేలోపు మలుపు దాటిపోతోంది. చివరికి చెయ్యి ఒళ్లో పెట్టుకుని దానికేసి చూస్తూ ఉండిపోయాడు. "మునీ, మళ్లా వచ్చినట్టుండాదప్పా వాతం. సెయ్యి నా మాట ఇనడం లేదు" అన్నాడు. అమ్మ ఏడుపు అందుకుంది.

జరిగిందేమిటో నాకు కాసేపటికి అర్థమైంది. ఆ ఆట పాత కాలపు నెమ్మది మిషన్ల కోసం రాసింది. ప్రాసెసరు ఎంత వేగంగా ఉంటే అదీ అంత వేగంగా పరిగెత్తుతుంది. నీ చెయ్యి నిన్నటిలాగే ఉంది నాయనా, మారింది మిషనని ఎన్నో విధాల చెప్పాను. "నన్ను ఓదార్సాకు. బండి మింద నేరం తోసే డ్రైవరు డ్రైవరే కాదు" అని ముఖం తిప్పుకున్నాడు. అప్పటినుంచి ఆ గదిలోకే రావడం లేదు. వేళ్లు కదిలించడమూ మానేశాడు.

పాత బోర్డు తిరిగి బిగిద్దామంటే, దాన్ని మార్పిడి కింద షాపులో ఇచ్చేశాను. వెంకటేశ్వర్లు అప్పుడే ఎవరికో అమ్మేశాడట.

ఇంకొకటి నీకొక్కదానికే చెబుతున్నాను. నాయన కోసమని చెప్పింది అబద్ధం. నాకు తుపాకుల ఆట ఆడాలని ఉండింది, అంతే. ఆయన పేరు పెడితే ఎవరూ కాదనరని పెట్టాను. నీ చేత ఉత్తరం రాయించి నిన్నూ ఇందులోకి లాగాను. ఆ ఆట పెట్టి చూశాను, బ్రహ్మాండంగా నడుస్తోంది. రెండు నిమిషాలు కూడా ఆడలేకపోయాను. ఏం చెయ్యాలో తోచడం లేదక్కా.

ముని

తిరుపతి,
6 సెప్టెంబరు 1999

అక్కా,

పాత బోర్డు దొరికింది. చంద్రగిరిలో పంకజాక్షిగారని ఒకావిడ టైపింగు సెంటరు నడుపుతున్నారు, అది ఆవిడ దగ్గరుంది. సంగతంతా చెప్పి బతిమాలితే, ఆదివారం సెంటరు ఖాళీగా ఉంటుంది, ఆయన్ని తీసుకురమ్మన్నారు. నాయన రానంటే రానన్నాడు. "ఒక్కసారి నాయనా, నా కోసం" అని కాళ్లు పట్టుకున్నంత పనిచేసి బస్సెక్కించాను.

ఆట పెట్టాను. నాయన ఒక్క గీత పడకుండా పైదాకా పోయాడు. నాకు గంతులేయాలనిపించింది. "చూసినావా నాయనా! నీ చేతిలో తప్పేమీ లేదు. ఈ మిషనే నీది" అన్నాను.

ఆయన సంతోషించలేదు. మళ్లీ ఆడాడు, ఈసారి కారును చూడకుండా తన వేలునే చూస్తూ ఆడాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఇది నా సెయ్యి కోసం నిలబడి కాసుకుంటా వచ్చిందప్పా ఇన్నాళ్లూ. ఘాట్‌లో ఎదురొచ్చే బస్సు అట్ల కాసుకుంటాదా?"

నేను మిషను ఆపబోయాను.

"నిజం సెప్పు మునీ. రోడ్డు మింద బండి దీని మాదిరొస్తాదా, మనింట్లో దాని మాదిరా?"

అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. కానీ ఆయన నా ముఖంలోకి చూస్తూ అడిగాడు, రాలేదు. "మనింట్లో దాని మాదిరే" అన్నాను.

"నలభై మంది కూర్సోనుంటారు కదా నా యెనక" అన్నాడు. ఇంటికొచ్చి దిండు కింది కాయితం తీసి, కుడిచేత్తోనే సంతకం పెట్టాడు. చాలాసేపు పట్టింది. అమ్మ పట్టుకోబోతే వద్దన్నాడు.

నా తప్పు దిద్దుకోబోయి, ఆయన ఆశ నేనే తీసేశాను. ఆ రాత్రి నా అబద్ధమంతా ఆయనకు చెప్పేశాను. తిట్టలేదు. "పోనీలే, నువ్వు మార్సింది మంచిదే. లేకుంటే నేను మళ్లా స్టీరింగు పట్టుకునేవాణ్ణి" అన్నాడు. తిట్టి ఉంటే నాలుగు మెతుకులు తినేవాణ్ణి.

నిన్న పొద్దున తనే గదిలోకొచ్చి, నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. "నువ్వు తోలు, నేను సూస్తా" అన్నాడు. కొత్త కారు ఆట పెట్టి తోలాను. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడిపాదం నేలమీద బ్రేకు నొక్కుతోంది. ప్రతిసారీ, నేను మలుపు దాటిపోయాక.

నీ
ముని