అయిదో ట్రాకులో నీ సోలో

కిరందుల్,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

ప్రియమైన సుధారాణికి,

శాంతిప్రియ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా దేవుని దయవల్ల కులాసా. దంతెవాడలో నువ్వూ, మీవారూ, పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. ఆరేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కూడా కవరు విప్పినందుకు ముందే నీకు కృతజ్ఞతలు.

మొదట మంచి కబురు. మన జాజ్ ఆల్బమ్ పూర్తయింది. మన అని ఎందుకన్నానంటే, అందులో సగం పాటలు నేను రాసిన కాగితం సిరా ఆరకముందే నువ్వు మా వరండాలో కూర్చుని శాక్సఫోన్ మీద వాయించి చూసినవే. ఎనిమిది ట్రాకులు, పేరు ‘సొరంగాలు’. మన విశాఖపట్నం రైలు ఘాట్‌లో చీకట్లోకి వెళ్లి వెలుగులోకి వస్తుంది చూడు, ఆ వరసలోనే కట్టాను. అయిదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, గిటారు, బేసు, డ్రమ్సు. మొత్తం పదిహేడు మంది. కొందరు మన చర్చి బ్యాండు వాళ్లు, కొందరు జగదల్‌పూర్ పెళ్లి బ్యాండు వాళ్లు. వీళ్లందరికీ ఎవరి భాగం వాళ్లకు రాసిచ్చేసరికి పదకొండేళ్లు పట్టింది.

జనవరిలో మూడు రోజులు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో రికార్డు చేశాం. వైజాగ్ నుంచి వికాస్ అనే సౌండ్ ఇంజనీరు మైకులు తెచ్చాడు. ఖనిజం గూడ్సు కదిలితే ఆ హాలు కిటికీలు ఎలా గలగలలాడతాయో నీకు తెలుసు. మొదటి రోజు నాలుగు టేకులు అలాగే పోయాయి. వికాస్ సామాను సర్దేస్తాడేమోనని భయపడ్డాను. అప్పుడు మన ట్రంపెట్ నూకరాజు, రైల్వేలో పాయింట్స్‌మన్ కదా, స్టేషన్‌కి ఫోను చేసి బండ్ల టైము కనుక్కున్నాడు. “ఏటి కంగారు శాంతమ్మా, ఇంకో నలభై నిమిషాలు బండి లేదు. ఈలోగా రెండు కొట్టీయొచ్చు” అన్నాడు. కొట్టేశాం కూడా.

మూడో రోజు మధ్యాహ్నం ఎనిమిదోది ముగిసింది. డ్రమ్సు మీద చివరి తాళం మోత పూర్తిగా ఆరేదాకా ఎవరూ కదల్లేదు. వికాస్ హెడ్‌ఫోన్లు తీసి “హో గయా, అయిపోయింది” అన్నాడు. నేను ఆ ఖనిజం ఎర్ర దుమ్ములోనే నేల మీద కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి పట్టపగలే పడుకుంటే, మా అబ్బాయి జాన్‌బాబు టీ పెట్టి లేపినా లేవలేదట.

ఇక అసలు విషయం. ఆరేళ్ల కిందట ఆ రోజు ప్రాక్టీసులో అందరి ముందూ నీ శ్రుతి తప్పుతోందని నాలుగుసార్లు ఆపాను. అయిదోసారి, నీకు చెవి లేదన్నాను. నువ్వు శాక్సఫోన్ పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయావు. మళ్లీ ముట్టుకోలేదని, లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటున్నావని విన్నాను.

ఈ రికార్డింగులో నీ చోట రీనా అనే అమ్మాయి కూర్చుంది. ఆమెనూ అదే మాట అని ఆపాను. రీనా కోపం తెచ్చుకోలేదు. “మేడమ్, ఏక్‌సారి మీరే చూడండి” అని శ్రుతి చూపే మీటరు స్టాండు మీద పెట్టి మళ్లీ ఊదింది. ముల్లు నడిమధ్యన నిలబడింది. అందరూ చూశారు.

పోయిన వారమే వైజాగ్ వెళ్లి చూపించుకున్నాను. నా ఎడమ చెవికి పై స్వరాలు కాస్త దిగి వినిపిస్తున్నాయట, కుడి చెవికి సరిగ్గానే ఉన్నాయట. ఇది ముదిరేది కాదని డాక్టరు చెప్పాక ప్రాణం కుదుటపడింది. నీ శ్రుతి ఆ రోజు సరిగ్గానే ఉంది, సుధా. తప్పింది నా చెవి. నన్ను క్షమించు.

అయిదో ట్రాకులో ఆల్టో శాక్సఫోన్ సోలో జాగా, ముప్పయి రెండు బార్ల మేర, ఖాళీగా ఉంచాం. రీనాయే “అది ఆమెది మేడమ్, నేను ఊదను” అంది. ఇరవై మూడో తేదీన వికాస్ మళ్లీ వస్తున్నాడు. నువ్వు వస్తే ఆ రోజు నీదొక్కటే రికార్డు చేస్తాం.

మీవారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ స్నేహితురాలు
శాంతిప్రియ

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపి రాస్తున్నాను. పైన ఒక అబద్ధం రాశాను. రీనా మీటరు పెట్టింది ఈ జనవరిలో కాదు, నాలుగేళ్ల కిందట, ప్రాక్టీసులో. డాక్టరు కాగితం మీద ఉన్నది కూడా 2021 మార్చి. అప్పటినుంచీ ఎడమ చెవిలో దూది పెట్టుకునే బ్యాండు ముందు నిలబడుతున్నాను. శ్రుతి తేడా వస్తే నూకరాజు కళ్లతో సైగ చేస్తాడు. బ్యాండులో అందరికీ తెలుసు. నీకు నేనే చెప్తాను, మీరెవరూ చెప్పొద్దని వాళ్ల దగ్గర మాట తీసుకున్నాను. దంతెవాడ బస్సు రెండుసార్లు ఎక్కి, బచేలీలోనే దిగిపోయాను. సిగ్గు, అంతే. నీ ఆరేళ్లలో రెండేళ్లు నా చెవి పొరపాటు, నాలుగేళ్లు నేను కావాలని చేసినవి. ఇది రాసేశాక గుండెల మీద బరువు దిగింది, అది కూడా దాచను. రావాలో వద్దో ఈ ముక్క చదివాకే తేల్చుకో. నువ్వు రాకపోయినా ఆ ముప్పయి రెండు బార్లు అలా ఖాళీగానే ఆల్బమ్‌లో వస్తాయి. వికాస్‌కి చెప్పేశాను.