నిద్రపోని గుడ్డ

మే 7, మంగళవారం

ఇప్పుడే ఫోన్ వచ్చింది. ఆసుపత్రి యూనిఫాంలు కుట్టే కంపెనీ. మేనేజర్ పేరు డెనీస్. నర్సులు ఆరువందల ప్యాంట్లు తిప్పి పంపారట. ఒకే సైజులో ఒకటి పొట్టి, ఒకటి బిగువు. కారణమేంటో తేల్చి చెప్పమంది. చెప్పింది నచ్చితే ఏడాది కాంట్రాక్ట్.

ఏడాది! రెండేళ్ళుగా ఊరి శివారు ఫుట్‌స్క్రేలో ఈ ఫో నూడుల్స్ హోటల్ మీది గదిలో, ఎముకల పులుసు వాసన పీలుస్తూ ఒక్కదాన్నే కూర్చున్నాను. భుజం ఎందుకు జారుతోందో, నడుము ఎందుకు ముడత పడుతోందో చిన్నా చితకా బ్రాండ్లకు చెప్పి బతుకుతున్నాను. పెళ్ళి గౌన్ల వాళ్ళు, ఈత బట్టల వాళ్ళు, ఒకసారి కుక్కలకు కోట్లు కుట్టేవాడు కూడా. ఇది దొరికితే రెండో కుర్చీ వేయొచ్చు. కంప్యూటర్ మీద పాటర్న్, అంటే కోత నమూనా, గీయడం చదివిన పిల్లనెవరినైనా పెట్టుకోవచ్చు.

మే 9, గురువారం

అమ్మ నా మాట విననేలేదు. రెండో కుర్చీలో లియెన్ పిన్నిని కూర్చోబెట్టేసింది. ఇద్దరూ పుట్టిన దేశం నుంచి పారిపోయి ఒకే పడవలో ఈ దేశానికి వచ్చినవాళ్ళు. పిన్నికి అరవై ఏడు. సన్‌షైన్ అనే పేటలో వాళ్ళ కారు షెడ్డులో మిషన్ పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు ఎవరెవరికో బట్టలు కుట్టింది. ఒక్కతే ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడుతోందే, వారానికి రెండు రోజులు శాంపిళ్ళు కుట్టించుకో, నీకు పుణ్యముంటుంది అంది అమ్మ. పుణ్యంతో అద్దె కట్టొచ్చా అంటే, నీ నోటికి దండం పెట్టాలి అంది.

పిన్నికి ఇంగ్లీషు అంతంత మాత్రం. క్లయింట్లు వస్తే ఈమెను ఎక్కడ దాచాలా అనుకున్నాను. రాస్తుంటే సిగ్గేస్తోంది. అయినా అనుకున్న మాట నిజం.

మే 13, సోమవారం

రిపోర్ట్ పంపేశాను. పద్నాలుగు పేజీలు. వాళ్ళు పంపిన ప్యాంట్లలో నలభై కొలిచాను. తప్పు పాటర్న్‌లోనే ఉంది, చిన్న సైజు నుంచి పెద్ద సైజుకు పెంచేటప్పుడు కాగితం మీదే లెక్క తప్పారు అని రాశాను. గీసింది ఆ కంపెనీలోనే పనిచేసే గ్రేయమ్ అనే ఆయన. వయసు అరవై రెండు. నలభై ఏళ్ళుగా అదే పని.

గంటలో డెనీస్ ఫోన్ చేసింది. ఇంత సూటిగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదంది. వచ్చే సోమవారం వచ్చి సంతకం పెట్టమంది. గ్రేయమ్‌ని నెలాఖరుకి పంపించేస్తారట.

కాస్త చివుక్కుమంది. కాస్తే. ఆ తర్వాత ఏడాదంతా ఏమేం చేయాలో రాసుకుంటూ కూర్చున్నాను.

మే 16, గురువారం

పిన్ని ఇవాళ ఆ ప్యాంట్ల గుట్ట చూసింది. ఒకటి తీసి కాలులోకి చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుంది. ఇంకోటి తీసింది. పది అయ్యాక, దీన్ని గీసినవాడి తప్పేం లేదే అంది.

నవ్వాను. కొలిచాను పిన్నీ, నలభై కొలిచాను అన్నాను.

పిచ్చిదానా, కాగితం తప్పయితే అన్నీ ఒకేలా తప్పాలి గదే, ఇక్కడ దేని తప్పు దానిదే అంది.

చిన్నపిల్లకైనా తట్టే సంగతి. పద్నాలుగు పేజీల్లో నాకు తట్టలేదు.

మరేంటి పిన్నీ అంటే, గుడ్డ నిద్రపోలేదు, నిద్రపోనివ్వకుండా కోసేశారు అంది. కంపెనీ వాళ్ళు ప్యాంట్లతోపాటు పంపిన గుడ్డ చుట్ట ఒకటి గోడకు ఆనించి ఉంది. నేను విప్పనేలేదు. దాన్ని ఇద్దరం మోసుకొచ్చి బల్ల మీద పరిచాం. రెండు మీటర్లు కత్తిరించాం. రెండు అంచుల దగ్గరా బల్ల మీద సుద్దతో గీత గీసింది పిన్ని. ఇక దీన్ని ముట్టుకున్నావంటే వేళ్ళు విరుస్తానంది. అయిదున్నర రైలుకి వెళ్ళిపోయింది.

మే 17, శుక్రవారం, ఉదయం 8

ఆరు సెంటీమీటర్లు.

అదే రోజు, ఉదయం 11

ఎవరూ ముట్టుకోలేదు. తలుపు తాళం నా దగ్గరే ఉంది. గుడ్డ తనంతట తనే ఇటు మూడు, అటు మూడు లోపలికి జరిగింది. సుద్ద గీతలు రెండూ బయట ఉండిపోయాయి. సాగే గుడ్డను మిషన్ మీద లాగి లాగి చుడతారు. విప్పాక ఒక రోజు ఊరికే వదిలేస్తే అది ఊపిరి పీల్చుకుని తన అసలు కొలతకు వస్తుంది. విప్పిన గంటలోనే కోస్తే, కుట్టాక, ఉతికాక, నర్సు ఒంటి మీద ఆ కొలతకు కుంచించుకుపోతుంది. ఇదంతా కాలేజీలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కళ్ళతో చూడటం ఇవాళే.

చుట్టలో పైపొరలు వదులు, లోపొరలు బిగువు. అందుకే దేని తప్పు దానిది.

పిన్ని రాగానే, నీకెలా తెలుసు పిన్నీ అని అడిగాను. షెడ్డుకి కోసిన ముక్కలు కట్టలు కట్టలుగా వచ్చేవట. చెయ్యి వేయగానే ఏ కట్ట తొందరలో కోసిందో తెలిసిపోయేదట. కుట్టు దగ్గర కొంచెం కొంచెం సర్ది కుట్టేదట, వేసుకునేవాళ్ళకి పొట్టి కాకుండా. ముప్ఫై ఏళ్ళూ అంతే. మరి ఎవరికీ చెప్పలేదా అన్నాను. ఎవరికి చెప్పాలే, కట్టలు తెచ్చే వ్యాన్ వాడికా అంది.

ఈ ఊళ్ళో ఎన్ని వేలమంది ఒంటి మీద బట్టలు ఈమె దయవల్ల సరిగ్గా నిలబడ్డాయో తలుచుకుంటే దిమ్మ తిరుగుతోంది. వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఆమెకు అదొక గొప్పగా కూడా తోచలేదు, తుడుచుకున్న చేతులతో నారింజ ఒలుస్తోంది.

అప్పుడు గ్రేయమ్ పాటర్న్ ఫైల్ తెరిచాను. డెనీస్ మొదటి రోజే పంపింది. తెరవకుండానే తీర్పు రాశాను. సైజు సైజుకీ కొలిచాను. ఒక్క మిల్లీమీటరు తేడా లేదు.

మే 18, శనివారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మే 19, ఆదివారం

బుద్ధి ఎన్ని దారులు వెతుకుతుందో! ముందు సంతకం పెట్టి, ఓ నెలయ్యాక కొత్తగా కనిపెట్టినట్టు చెబితే? ఈలోపు గ్రేయమ్ వెళ్ళిపోతాడు. అరవై రెండేళ్ళాయనకి ఎలాగూ రిటైరయ్యే వయసే కదా అని కూడా అనుకున్నాను. థూ.

పిన్నికి ఫోన్ చేసి ఏడ్చాను. ఆమె విసుక్కుంది. తప్పు కుడితే విప్పి కుట్టాలే, దానికింత రాగాలెందుకు, నేను రోజుకి మూడుసార్లు విప్పేదాన్ని అంది. పొయ్యి మీద చేపలున్నాయని పెట్టేసింది.

మే 20, సోమవారం

డాండెనాంగ్‌లో ఉన్న ఆ కంపెనీకి వెళ్ళాను. బల్ల మీద కాంట్రాక్ట్, దాని మీద పెన్ను. పెన్ను పక్కకు జరిపి ఆ రెండు మీటర్ల గుడ్డ పరిచాను. కోసినప్పుడు సరిగ్గా రెండు మీటర్లు, ఇప్పుడు టేపు తీసి కొలవమన్నాను. డెనీస్ రెండుసార్లు కొలిచింది. నా రిపోర్ట్ తప్పు, పాటర్న్ చూడకుండానే రాశాను అన్నాను.

గ్రేయమ్‌ని పిలిచింది. పొడుగాటి మనిషి, మెడలో టేపు. తన మీద ఏం రాశారో ఆయనకు అప్పటికే తెలుసు. కోత హాల్లో అడిగితే బయటపడింది, పని తెమలడం లేదని క్రిస్మస్ నుంచి చుట్ట విప్పిన గంటలోనే కోస్తున్నారు.

డెనీస్ కాంట్రాక్ట్ కాగితాలు సొరుగులో పెట్టేసింది. ఈ పనికి ఇవ్వాల్సింది ఇస్తాను, నీ మాట పట్టుకుని నలభై ఏళ్ళ మనిషిని వీధిలో నిలబెట్టబోయాను, ఇంకోసారి నమ్మడం నా వల్ల కాదు అంది. ఆమెది న్యాయమే.

గ్రేయమ్ తిట్టలేదు. గుమ్మం దాకా వచ్చి, ఇది పట్టుకున్నదెవరు అని అడిగాడు. చెప్పాను. ఏ పరికరంతో పట్టుకుందన్నాడు. చేత్తో అన్నాను. ఆయన తన చెయ్యి ఒకసారి చూసుకున్నాడు.

రైల్లో ఏడుపొచ్చింది. ఏడాది కాంట్రాక్ట్ పోయింది, నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. అయినా కళ్ళు మూస్తే కనిపించేది సొరుగు కాదు, రాత్రంతా దానంతట అది జరిగిన ఆ గుడ్డ.

మే 27, సోమవారం

ఈత బట్టల వాళ్ళు కొత్త శాంపిళ్ళు తెచ్చారు. పిన్నిని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె చెప్పింది, నేను ఇంగ్లీషులోకి మార్చాను. వాళ్ళు నాతో కాకుండా ఆమె చేతులతో మాట్లాడుతున్నట్టు కూర్చున్నారు. ఇక నుంచి వారానికి నాలుగు రోజులు రమ్మంటే, మీ అమ్మ కుళ్ళుకుంటుందే అని మురిసిపోయింది.

జూన్ 1, శనివారం

గ్రేయమ్ చంకలో గుడ్డ చుట్టతో మెట్లెక్కి వచ్చాడు. నేర్పమన్నాడు. ఇద్దరికీ కలిసే భాష లేదు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని గుడ్డ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి ఆనించింది. చాలాసేపటికి ఆయన నోటి నుంచి ‘ఆ’ అని చిన్న శబ్దం వచ్చింది.

నేనూ వెళ్ళి చెయ్యి పెట్టాను. నాకింకా ఏమీ తెలియడం లేదు.