భుజాలతో ఎక్కినావా అవ్వా?

చిత్తూరు,
ఆదివారం.

చిరంజీవి భవితకు అవ్వ దీవెనలు. ఇంట్లో మేం ముగ్గురం బాగున్నాం. నువ్వూ వేళకు తిని, వేళకు నిద్రపోతున్నావని నమ్ముతున్నాను. మీ హాస్టల్లో ఫోను ఇవ్వరు కాబట్టి నాకు ఉత్తరాలు వస్తున్నాయి, సంతోషమే. కాని ఈసారీ నువ్వు పైన ఊరూ, వారమూ వేయలేదు. వెయ్యి.

నువ్వు అడిగినవాటికి జవాబు, కొన్ని వారాలు ఆలస్యంగా. మీ నాయనకు పలమనేరు బదిలీ ఇంకా ఖాయం కాలేదు. మల్లెతీగ పూస్తోంది. ఇక నా నొప్పులు. సెలవుల్లో నేను తల దువ్వుకోలేకపోవడం చూసిపోయి, "అలిపిరి మెట్లెక్కితే కాళ్లు నొయ్యాల. భుజాలెందుకు నొస్తాండాయి? భుజాలతో ఎక్కినావా అవ్వా?" అని రాశావు. పెద్దదానితో ఎగతాళా అని కోపం వచ్చింది. తర్వాత ఆలోచనా వచ్చింది. మెట్లెక్కి నెలలు దాటినా నొప్పి పెరుగుతూనే ఉంది.

ఉత్తరం మీ అమ్మకు చూపించాను. "పాప అడిగింది నిజమే అత్తా. కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టింది గూడా అప్పుడే గదా? లెయ్, పోదాం" అని ఆ పూటే డాక్టరు గిరిప్రసాద్ దగ్గరికి తీసుకుపోయింది.

రక్తపరీక్షలో కండరాలు దెబ్బతింటున్నాయని తేలింది. ఆ మాత్ర కొందరికి అలా చేస్తుందట. ముదిరితే మూత్రపిండాలకూ ముప్పేనట.

"ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"మొక్కు నడక నొప్పి అనుకున్నా సార్. అది బయటికి చెప్పకూడదు."

"ఊరికి చెప్పొద్దులేమ్మా, నాకు చెప్పాల గదా!"

ఆ మాత్ర ఆపించాడు. నొప్పి తగ్గాక వేరే మందు, తక్కువ మోతాదులో ఇచ్చాడు. ఇప్పుడు నా ముడి నేనే వేసుకోగలను. అయినా మీ అమ్మ దువ్వెన పట్టుకుని వస్తుంది. నేను వద్దనడం లేదు.

ఇక నీకు ఇంతవరకు చెప్పని మాట. ఆ మొక్కు నీ కోసం. పోయినేడు డెంగీ జ్వరంతో తిరుపతి ఆసుపత్రిలో నువ్వు కళ్లు తెరవని రోజు మొక్కుకున్నాను. మొక్కు నడకలో పడిన కష్టం నోరు తెరిచి చెబితే ఫలం పోతుందని మా అమ్మ అనేది. చదువుకున్నదాన్నే, అయినా నీ విషయంలో తెగించలేకపోయాను. నొప్పి కన్నా ఆ భయమే ఎక్కువ. నువ్వు అడగకపోతే, మీ అమ్మ చెయ్యి పట్టుకుని లేపకపోతే, ఈపాటికి మంచంలో ఉండేదాన్ని. మీ ఇద్దరూ చల్లగా ఉండాలి.

డాక్టరుకు చెప్పేశాను. నీకూ రాసేశాను. ఇది అందగానే బాగున్నానని ఒక్క ముక్క రాయి. చదువు తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
నీ అవ్వ
జ్ఞానాంబ