మరియా ఇంగ్లీషు

కొండాపూర్, 1949 మాఘమాసం, బుధవారం రాత్రి

స్పెయిన్ నుంచి ఇక్కడి దవాఖానకు వచ్చిన నర్సు మరియాకు పుస్తకాలతో ఇంగ్లీషు రాలేదు. అందుకే బాడ్మింటన్ ఆడిస్తూ నేర్పాను. "స్మాష్" అనమంటే "ఎస్మాష్" అనేది. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. ఈ ఊళ్లో నాతో అలా నవ్వే మనిషి ఆమె ఒక్కతే.

ఈ సాయంత్రం మేం ఆడుతుంటే దవాఖాన ఆయా పోశమ్మ వచ్చింది.

"టీచరమ్మా, మరియమ్మకు ఇంగ్లీషు మంచిగొచ్చిందంట. ఇగ ఎల్లుండి పట్నం దవాఖానకు పంపిస్తున్నరు" అంది.

నా బ్యాట్ లేవలేదు. షటిల్ నా కాళ్ల దగ్గర పడింది. మరియా నెట్ కింద నుంచి వంగి ఇవతలికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మరి నువ్వు ఎవరితో ఆడతావు?" అని ఇంగ్లీషులో అడిగింది.

దిద్దుదామన్నా ఆ మాటలో ఒక్క తప్పూ లేదు.