మా ఆయనకు శిక్ష వేయమని మనవి

గౌరవనీయులైన న్యాయాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విచారణ ఖైదీగా ఉన్న నా భర్తను దోషిగా నిర్ణయించి, వెంటనే శిక్ష విధింపవలసినదిగా కోరుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా, అర్జీదారు అనగా నేను, తాళాలు బాగుచేసే మేస్త్రి భార్యను. ఇంతవరకు కోర్టు బయట అర్జీలు రాసే పెద్దాయన రాసిపెట్టారు. రాసింది ఒకసారి చదువుకుని, "ఇదేం అర్జీ తల్లీ, మొగుడికి శిక్ష వేయమని ఎవరైనా అడుగుతారా?" అని కలం మూసేశారు. ఇక్కణ్ణుంచి నా రాత. తప్పులుంటే మన్నించవలెను.

1. తాళంచెవి పోగొట్టుకున్నవారు పిలిస్తే వెళ్ళి తలుపు తీసి రావడం నా భర్త వృత్తి. ఒకరోజు ఒక యువకుడు వచ్చి "మా పెదనాన్న ఇల్లే, తాళంచెవి ఎక్కడో పారేసుకున్నాను" అన్నాడు. అది నిజంగా వాళ్ళ పెదనాన్న ఇల్లే. పక్కింటివాళ్ళు అతణ్ణి పలకరించారు కూడా. మా ఆయన తలుపు తీసి, కూలి తీసుకుని వచ్చేశాడు. ఆ పూటే ఆ ఇంట్లో బంగారం పోయింది. పోలీసులు ఇద్దరినీ పట్టుకుపోయారు. ఇల్లు తమదన్నవారి మాట నమ్మడమే ఈ పనిలో ఆనవాయితీ. ఇంటి పత్రాలు చూపించమనే మేస్త్రిని ఎవరూ రెండోసారి పిలవరు.

2. సదరు యువకుడికి ఆ వారంలోనే బెయిలు వచ్చింది. ఆ పెదనాన్న గారే జామీను సంతకం పెట్టారు. ఇంటి పరువు కదా. తలుపు తీయించినవాడు బయట, తీసినవాడు లోపల. నా భర్తకు కూడా బెయిలు మంజూరైన మాట వాస్తవం. అయితే సొంత ఇల్లున్నవారు ఇద్దరు జామీను నిలబడాలన్నారు. మాకు తెలిసినవాళ్ళంతా అద్దె కొంపలవాళ్ళే. ఇల్లున్నది మా అన్నయ్య ఒక్కడికే. "ఇల్లు మీ వదిన పేరున ఉంది చెల్లెమ్మా" అన్నాడు. వదినను అడిగితే "మీ అన్నయ్యనే అడుగు" అంది.

3. అసలు జామీను దేనికని మా వకీలు గారిని అడిగితే, ముద్దాయి పారిపోకుండా ఉండడానికన్నారు. తమకు తెలియపరచునదేమనగా, మొన్న చలికాలంలో జైల్లో ఒక బ్యారక్ తాళం పట్టేసింది. లోపలివాళ్ళకు అన్నం కూడా అందలేదు. జైలువాళ్ళు మా ఆయన్నే పిలిచి పనిముట్లు చేతికిచ్చారు. ఆయన తాళం విప్పి, తుప్పు గీకి, నూనె పోసి, సాఫీగా తిరుగుతోందో లేదో చూసి, పనిముట్లు అప్పగించి, వెళ్ళి తన గదిలో కూర్చున్నాడు. వాళ్ళు బయటినుంచి తాళం వేసుకున్నారు. ఇంతకంటే ఏం జామీను కావాలయ్యా?

4. ఈ నేరం రుజువైనా మామూలుగా రెండేళ్ళకు మించి శిక్ష వేయరని వకీలు గారే చెప్పారు. ఆయన లోపలికి వెళ్ళాక ఇది మూడో వేసవి. సాక్షి వచ్చిన రోజు తమరు సెలవు, తమరు వచ్చిన రోజు సాక్షి ఊళ్ళో ఉండడు, ఇద్దరూ ఉన్న రోజు జైలు వ్యాన్ రాదు. న్యాయం అందరికీ సమానమని కోర్టు గోడ మీద రాసి ఉంది. వాయిదా ఉన్నప్పుడల్లా నేను దాని కిందే కూర్చుంటాను. అది అబద్ధమని అనను. మా దాకా రావడానికి దానికీ వ్యాన్ దొరకడం లేదేమో.

5. నేరం ఒప్పుకుంటే, ఉన్న కాలాన్నే శిక్షగా లెక్కేసి అదే రోజు వదిలేస్తారని వకీలు గారి సలహా. నా భర్త వినడు. "దొంగనని ఒప్పుకున్న తాళాలవాణ్ణి ఎవడు గుమ్మం ఎక్కనిస్తాడే? బయటికొచ్చి ఏం చెయ్యను?" అంటాడు. న్యాయమైన మాటే. కానీ ఆయన దగ్గుతున్నాడు. ఒక్క మాట పూర్తి చేయాలంటే కమ్మీ పట్టుకుని నిలదొక్కుకోవాలి. ఆయన వెళ్ళేటప్పటికి పాలు తాగే మా పాప, ఇప్పుడు ములాఖత్ అయిపోగానే "అమ్మా, మనింటికి పోదాం, నాన్న వాళ్ళింట్లో ఉంటాడులే" అంటోంది. నాకు భయమేస్తోందయ్యా. ఏ తప్పూ చేయనివాడిగానే అక్కడ చచ్చిపోతాడని భయం.

కావున, నా భర్త ఒప్పుకోకపోయినా తమరే దోషి అని తేల్చి, శిక్ష వేసి, ఇంటికి పంపవలసినదిగా ప్రార్థన. ఆయనకు తాళాల పని పోతే పోనీ. ఆయన పనిముట్ల పెట్టె ముందు ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను, తాళంచెవులకు ఆకురాయి పట్టడం వచ్చేసింది. వేరే కాగితాల అడుగున పడకముందే తమరు దీనిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తాళాల మేస్త్రి భార్య

తా.క.: ఆయనకు చెప్పకుండా ఇవ్వడం తప్పనిపించి, ఇవాళ ములాఖత్‌లో ఈ అర్జీ చదివి వినిపించాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పాప వంక చూశాడు. తర్వాత "జడ్జి గారికెందుకు శ్రమ, వచ్చే వాయిదాకి నేనే చేశానని చెప్పేస్తాలే. పాపని మాత్రం ఆ రోజు కోర్టుకి తీసుకురాకు" అన్నాడు. అడిగింది నేనే కదా. అయ్యా, ఆయన తమ ముందు నిలబడి ఆ మాట అంటాడు. రాసుకోండి, సంతకం పెట్టించుకోండి, ఇంటికి పంపండి. నమ్మకండి మాత్రం.