రాతికి లేని అంటు

ఉదయగిరి. బహుధాన్య, వైశాఖం, మంగళవారం.

పొద్దున్నుంచి వడగాలి. స్నానాల గది గోడలకు నాయన కాలంలో అతికించిన కడప బండలు వదులయ్యాయి. వాటిని ఊడదీసి మళ్లీ వేయడానికి యోహాను వచ్చాడు. కరువులో మతం మారినా, మా అమ్మకు అతను ఇంకా ఓబిగాడే.

బండలు పగలకుండా తీయమన్నది నేనే. అందుకని గడ్డపార పక్కనపెట్టి, అతను ఉలితో సున్నం గీకుతుంటే నేను కింది అంచు పట్టుకున్నాను. ఊడినవాటిని ఇద్దరం మోసి బయట పెట్టాం. మధ్యాహ్నం ఒక బండ వెనక సున్నమంతా ఒక్కసారిగా అతని కళ్లలో పడింది. పక్కనే తొట్టి నిండా నీళ్లున్నాయి. తడుముకుంటూ అటు చెయ్యి చాపాడు.

"ఒరే ఓబిగా, తొట్టి ముట్టుకోబాక. బయటికి పో, నీళ్లు పోస్తారు" అంది అమ్మ, గుమ్మంలోంచి.

"పొద్దున్నుంచి ఈ గోడలన్నీ ముట్టుకుంటానే ఉండాను గదమ్మా."

"రాతికి అంటు లేదురా. నీళ్లకు ఉండాది."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కింద అంతా సున్నం పెళ్లలు. ఎటు అడుగు వేయాలో తెలియక నిలబడ్డాడు. అప్పటిదాకా అతనితో కలిసి బండలు మోసినవాణ్ణి, అమ్మ చూస్తోందని చెయ్యి అందించలేదు. "చూసుకొని రా" అన్నాను. కళ్లు తెరవలేని మనిషితో ఆ మాట అన్నాను.

పెరట్లో ఎత్తునుంచి నీళ్లు పోశాను. ఎడమ కన్ను తెరుచుకోలేదు. ఆత్మకూరులో వైద్యుడున్నాడు. మన బండి కట్టిస్తానంటే అమ్మ ఏమంటుందోనని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

సాయంత్రం అతని భార్య మరియమ్మ వచ్చింది. పొద్దుగూకక ముందే చెయ్యి పట్టుకొని నడిపించుకుపోయింది.