కల్లు దుకాణానికి సీలు పడ్డాక

జూన్ 2, సోమవారం

సీలు పడింది! పదకొండింటికి ఎక్సైజ్ వాళ్ళ జీపు వచ్చింది. సీసాలన్నీ మోరీలో పారబోశారు, దుకాణం తలుపుకి తాళం వేసి లక్క పెట్టి పోయారు. దుకాణం వెనక గోడ పక్కన కల్లు తాగిన ఒక ఒడిశా కూలీ నోట్లో నురగతో చచ్చి పడి ఉన్న రోజు నుంచీ, దీన్ని మూయించాలని తిరుగుతున్నాను... ఎన్ని ఆఫీసులు, ఎన్ని దరఖాస్తులు. మా మహిళా సంఘం అధ్యక్షురాలు లక్ష్మక్క రోడ్డు మీదే కొబ్బరికాయ కొట్టింది. ఆడవాళ్ళు పాటలు పాడారు. నేనూ పాడాను, గొంతు పోయింది.

దరఖాస్తు మీద మొదటి వేలిముద్ర అమ్మది. నేనే వేయించాను. నాట్లకు పోయే రోజుల నుంచి పొద్దుగూకితే రెండు సీసాలు తాగే మనిషి, కూతురు అడిగిందని మారుమాట లేకుండా వేసింది. ఇవాళ సంగతి చెప్తే, "మరి నాకేడ దొరుకుతదే ఇగ?" అంది. నవ్వింది. ఛాయ్ తాగు అన్నాను. నేనూ నవ్వాను.

జూన్ 4

రెండు రాత్రులుగా అమ్మకి నిద్ర లేదు. చేతులు వణుకుతున్నాయి, అన్నం ముద్ద నోటిదాకా పోవడం లేదు. వయసు అంటోంది. సెలవు పెడదామనుకున్నాను. కంపెనీలో ప్యాకింగుకి మనుషులు లేరన్నారు. పోయాను.

జూన్ 6, శుక్రవారం

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను.

పొద్దున పొయ్యి దగ్గర పడిపోయింది. కళ్ళు తేలేసింది, కాళ్ళు కొట్టుకుంటోంది, పళ్ళు బిగిశాయి. చుట్టుపక్కల వాళ్ళంతా ఉరికొచ్చారు. ఎవరో తాళాల గుత్తి చేతిలో పెట్టమన్నారు. పెట్టాను. ఎవరో నిమ్మరసం పిండి పట్టుకొచ్చారు. తల ఎత్తి పట్టుకుని నేనే పోశాను... అది ఊపిరితిత్తుల్లోకి పోయిందట. 108లో వస్తుంటే దగ్గి దగ్గి నీలం తిరిగింది.

వార్డులో చూస్తే మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళే. ఒకాయన మంచానికి కట్టేసిన చేతులతో గాలిలో తాడు పేనుతున్నాడు. ఒకామె తన బిడ్డనే గుర్తుపట్టడం లేదు. అందరిదీ ఒకటే కథ. దుకాణం బందయింది, నాలుగు రోజులయింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కళ్ళ కింద నలుపు. అందులో కల్లు ఎంతో దేవుడికెరుక, నిద్రమందు పొడి మాత్రం రోజూ పోతోంది అంది. ఏళ్ళ తరబడి తాగిన ఒళ్ళు దానికి అలవాటు పడిందట. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతి తప్పడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం. మాత్రలిచ్చి కొంచెం కొంచెంగా దింపాలట. తర్వాత అడిగింది:

"తాగేవాళ్ళ వైద్యం సంగతి చూడకుండా దుకాణం మూయించింది ఎవరమ్మా?"

తల వంచుకుని అమ్మ దుప్పటి సర్దాను. 'నేనే' అనలేకపోయాను. పిరికిదాన్ని.

జూన్ 8

అమ్మ ఇవాళ నన్ను గుర్తుపట్టింది. ఏం తిన్నావే అని అడిగింది. బాత్‌రూంలోకి పోయి ఏడ్చాను.

మల్లేశం మామ సంగతి ఇవాళ తెలిసింది. అమ్మకి ఒక్కడే తమ్ముడు. గడ్డపోతారంలో లోడింగ్ పని, కల్లు లేకుండా అన్నం ముట్టడు. సత్తెమ్మ అత్త మూడు రోజుల నుంచి గదిలో పెట్టి గొళ్ళెం వేసిందట, మొగుడు బాగుపడాలని. పోయి తెరిస్తే, ఒళ్ళంతా చెమట, గోడ మీద లేని చీమల్ని చేతులతో తుడుస్తున్నాడు. ఆటోలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. అత్త దారంతా నన్ను తిట్టింది. పడ్డాను.

జూన్ 13

అమ్మ ఇంటికొచ్చింది. మాత్రల చీటీ గోడకి అంటించాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వారం వారం తగ్గించాలి. మాత్ర మీద కల్లు చుక్క తగలకూడదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

మామ ఐదు రోజులు వేసుకుని మానేశాడు. నిద్రొస్తే బస్తాలు ఎవరు మోస్తరు, అంటాడు. కానీ తాగడం లేదు! కోడికూర వండించుకుని తిన్నాడట. అత్త నన్ను తిట్టినందుకు మొహమాటపడి గిన్నెడు పంపింది. చాలా రోజులకు మంచి కూర తిన్నాను.

జూన్ 15, ఆదివారం

సంఘం మీటింగు. ఊరంతా అంటించడానికి కాగితం రాసుకుని పోయాను. ఒకటి, ఉన్నట్టుండి మానొద్దు, డాక్టర్ దగ్గరికి రండి, వారానికి ఒక రోజు మన ఊళ్ళోనే మందులివ్వాలని అడుగుదాం. రెండు, ఫిట్స్ వస్తే తాళాలు వద్దు, నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చేయండి. మూడు, మానిన వాళ్ళు మళ్ళీ తాగితే పాత లెక్కన తాగొద్దు. ఒళ్ళు పాతది కాదు, అంత తట్టుకోలేదు, చచ్చిపోతారు. కొంచెమే, అదీ ఒంటరిగా కాదు.

ఇది డాక్టరమ్మ మాట. కాజీపల్లి కూలీల గదుల్లో దొంగచాటుగా కల్లు అమ్మకం మొదలైందని అందరికీ తెలుసు కాబట్టి రాశాను.

మీటింగు భగ్గుమంది. మొన్న మూయించింది, ఇప్పుడు తాగేదెట్లో నేర్పుతోంది, అన్నారు. లక్ష్మక్క మెల్లగానే అంది: "మూడోది తీసెయ్ సుజాతా. తాగుండ్రి అని మనమే రాసిచ్చినట్టుంటది."

నేను వాదించాను, కొంతసేపు. అప్పుడు వెనక నుంచి ఎవరో, వాళ్ళమ్మ తాగుతది గద, గందుకే, అన్నారు. చెవులు కాలిపోయాయి. పెన్ను తీసి మూడో మాట నేనే కొట్టేశాను.

జూన్ 19

రెండు మాటల కాగితం అంటించి వచ్చాం. అంగడి, బస్‌స్టాప్, రేషన్ దుకాణం. చూసిన వాళ్ళు బాగుందన్నారు. అంటే ఎవరికీ కోపం రాలేదన్నమాట.

జూన్ 24

అమ్మకి పొద్దుటి మాత్ర సగానికి దించాం. పప్పులో ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టింది. హమ్మయ్య, మనిషి దారిలో పడుతోంది.

జూన్ 27, శుక్రవారం

మామ పోయాడు.

జూన్ 28

నిన్న రాయలేకపోయాను.

గురువారం డ్యూటీ దిగి తోటి లోడింగ్ వాళ్ళతో కాజీపల్లి పోయాడట. ఇరవై రోజులు దాటాక మొదటిసారి. ఎప్పటిలాగే మూడు సీసాలు. నడిచే ఇంటికొచ్చాడు, అత్తతో మాట్లాడాడు, వెల్లకిలా పడుకున్నాడు. గట్టిగా గురక. అత్త సంతోషపడిందట.

"ఇన్నొద్దులకు మంచిగ నిద్ర పట్టింది గదా అనుకున్న బిడ్డా. లేపొద్దని తలుపు దగ్గరికేసిన."

ఈ మాట వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తోంది. అదే మాట, అదే గొంతు. అలాంటి గురక నిద్ర కాదు, ఊపిరి ఆగిపోయే ముందు వచ్చేదని నాకు తెలుసు. డాక్టరమ్మ చెప్పింది. అత్తకి నేను ముందే చెప్పలేదు. మామ మానేశాడు కదా, ఇక ఆ ఇంటికి చెప్పాల్సిందేముంది అనుకున్నాను. మానిన వాళ్ళకే కదా చెప్పాల్సింది!

శవం లేచే ముందు లక్ష్మక్క వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ మాట తీసెయ్‌మన్నది ఆమె, కొట్టేసింది నేను. తప్పంతా ఆమె మీదికి తోసేద్దామని చాలాసేపు చూశాను, కుదరలేదు. సిగ్గు కోసం మామని పోగొట్టుకున్నాను.

సాయంత్రం మూడు మాటలతో కొత్త కాగితం రాశాను. లక్ష్మక్క తీసుకుపోయి జిరాక్స్ చేయించింది.

జూన్ 29, ఆదివారం. పొద్దున

ఇవాళ మూడోనాడు, పిట్టకు పెట్టడం. మామకి ఇష్టమైనవన్నీ కాకులకి పెట్టాలి. కల్లు పోయాలి. పోశాక ఇంటివాళ్ళు, తోబుట్టువులు తాగాలి. తాగకపోతే చచ్చినవాడి మీద కోపం పెట్టుకున్నట్టు. మా వాళ్ళలో ఇది తప్పించుకున్న మనిషిని నేను చూడలేదు.

అత్తని అడిగాను, కల్లు లేకుండా కానిద్దామని. "దాంతోనే సచ్చిండని నాకు తెల్వదా? అయినా ఆయనకు పొయ్యకుంటే ఎట్ల?" అంది. దూరపు ఊరి గీత కార్మికుడు చెట్టు కల్లు తెస్తానన్నాడట. స్వచ్ఛమైనదంట. ఎవరు చూశారు?

అమ్మ తాగనని మాటిచ్చింది. ఏడింటికి సగం మాత్ర వేశాను.

అదే రోజు. మధ్యాహ్నం

పిట్ట వెంటనే ముట్టింది. అందరూ ఏడ్చారు. అత్త ఇంటి ముందు పందిట్లో కూర్చున్నాం. చెట్టు కల్లు ఒక కుండ. దాని వెనకే ఎవరు తెచ్చారో సీసాలు కూడా దిగాయి. ఏది ఎందులో కలిసిందో చెప్పేవాడు లేడు. వరసగా పోస్తున్నారు. అమ్మ ముందుకొచ్చి ఆగారు.

అమ్మ చెయ్యి చాచింది.

చెవిలో చెప్పాను... మాత్ర వేసుకున్నావ్, మాటిచ్చావ్, నీకేమన్నా అయితే నేను బతకను అని. గట్టిగా అరవాలనిపించింది. కుండ తన్నేయాలనిపించింది. ఆ పని ఒకసారి చేశాను కదా, దుకాణం దగ్గర. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఎత్తింది. అస్సలు వద్దు, అంది. ఆగదంటే, చుక్కకి మించి పోనివ్వకు, పడుకోనివ్వకు, పక్కనుంచి కదలకు, మాట పలకకపోతే ఆ నిమిషమే 108, అంది.

అమ్మ నన్నే చూస్తోంది. కోపం లేదు.

"నా ఎనక పుట్టినోడు. ఎత్తుకుని పెంచిన. నువ్వే పొయ్యి బిడ్డా. నీ చేతుల ఎంతుంటే గంతే తాగుత, ఇంకో చుక్క అడగ."

పందిరంతా చూస్తోంది. లక్ష్మక్క కూడా. దుకాణం మూయించిన సుజాత.

లేచాను. సీసాలు పక్కకు జరిపించి కుండలోంచే ముంచాను. గ్లాసు అడుగున కొంచెం, రెండు గుక్కలు. అంతే పోసి ఇచ్చాను. అమ్మ తమ్ముడి పేరు తలుచుకుని తాగింది. గ్లాసు బోర్లించింది.

తర్వాత సీసాలు తాగుతున్న వాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పాను. మానిన వాళ్ళు పాత లెక్క తాగొద్దు, ఒక్కరే పడుకోవద్దు. సగం మంది మొహం తిప్పుకున్నారు. ఒకాయన సీసా కింద పెట్టాడు.

మూడు ఇరవై

ఇంటికి తెచ్చాను. ఓ పక్కకు వాల్చి కూర్చోబెట్టాను, వీపుకి మూట ఆనించి. నిద్రొస్తోంది అంటోంది. ఏడ్చి ఏడ్చి వచ్చే నిద్రో, మామకి వచ్చిన నిద్రో... నాకు తెలియడం లేదు. ఫోన్ ఒళ్ళోనే ఉంది. 108కి చేసి ఉంచాను, పటాన్‌చెరు నుంచి బయల్దేరిందన్నారు.

మాట్లాడిస్తున్నాను. మామ చిన్నప్పటి సంగతులు అడుగుతున్నాను. బర్రె మీద ఎక్కి పడ్డ కథ సగం చెప్పింది.

మూడు ముప్పై ఐదు

అమ్మా అంటే ఊ అంటోంది.

మూడు నలభై

ఊ అంది. రెండోసారి పిలిచాక.